కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చండి: కాలుష్య నియంత్రణ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో మీ నివేదికలు చెబుతున్నాయి. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పడం లేదు. రంగూ వాసనా లేని ఈ వాయువు ఒకటి రెండు నెలలు గాలిలో నిలుస్తుంది, వందల కిలోమీటర్లు దాటి వస్తుంది. మీటరులో కనిపించిందంతా దగ్గరి వాహనాల పొగే అనుకుంటే పొరపాటు.

జాడ తీయడానికి దారులున్నాయి. భగభగ మండే మంటనూ, నివురుగప్పి పొగలు కక్కే మంటనూ పక్కపక్కన పెట్టి కొలిపించండి. రెండోదాంట్లో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మోనాక్సైడ్ పాలు చాలా ఎక్కువ. ఆ నిష్పత్తే తొలి ఆధారం. దాంతోపాటు అసిటోనైట్రైల్ అనే రసాయన ఆవిరి కూడా పెరిగితే కట్టెలో, పంట వ్యర్థాలో, అడవో కాలుతున్నట్టు. వాహనాల నుంచి అది చాలా తక్కువ వస్తుంది. మీథేన్ వాయువు గాలిలోనే ఆక్సీకరణ చెందడం వల్ల పుట్టే మోనాక్సైడ్ వాటాను (దీన్ని తరచూ మరిచిపోతారు) విడిగా లెక్కగట్టాలి.

2017లో ప్రయోగించిన సెంటినెల్-5పి ఉపగ్రహంలో గాలిలోని వాయువులను కొలిచే ట్రోపోమీ పరికరం సమాచారం ఉచితంగానే దొరుకుతుంది. దానికి గాలి వీచిన దిశను జోడించి, ఆ వాయువు ఎక్కడి నుంచి బయలుదేరిందో వెనక్కి లెక్కగట్టించండి. గంటగంటకూ తీసిన కొలతలను సగటుల్లో కలిపేయకుండా ఉన్నవి ఉన్నట్టు మా ముందు పెట్టండి. ఇంట్లో ఉబ్బసంతో నిద్రపట్టని పిల్లలున్నవాళ్లం, అడిగే హక్కు మాకుంది.

ఇట్లు,
ఈ గాలే పీల్చే ఒక పౌరుడు