ఓడ మీద నుంచి అమ్మకి, నాన్నకి

డిసెంబర్ 26, రాత్రి

అమ్మా, నాన్నా,

అందరం బాగున్నాం. ముందు ఆ ముక్క రాసేస్తే నాన్న మిగతాది కుదురుగా చదువుతారు. సముద్రం మధ్యలో ఇంటర్నెట్ వచ్చీ రానట్టు ఉంది. పైగా ఇది ఫోన్‌లో చెప్తే నువ్వు సగంలోనే ఏడుపు మొదలుపెడతావు. అందుకే కాగితం. ఇల్లు చేరాక పోస్ట్ చేస్తా.

"పిల్లనేసుకుని సముద్రం మీదకెందుకే" అన్నావుగా. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవులో ఓడ కదలకముందే అందర్నీ పిలిచి, ఎవరు ఎక్కడ నిలబడాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపించారు. ఏడు పొట్టి కూతలు, ఆపైన ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికి వెళ్లిపోవాలి. పాప నాలుగు రోజుల నుంచి అవే కూస్తోంది, ఏడోది మర్చిపోయి మళ్లీ మొదట్నుంచి. 2012లో ఇటలీ దగ్గర ఒక పెద్ద ఓడ పక్కకి ఒరిగిపోయి 32 మంది పోయారు, నాన్నకి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతే, బయల్దేరే ముందో బయల్దేరగానేనో ఇది చేసి తీరాలని రూలు వచ్చిందట. మీ అల్లుడు చెప్పారు. ఇంత ధైర్యం చెప్పిన మనిషే మొదటి రోజు కళ్లు తిరిగి మంచం దిగలేదు. భోజనాల దగ్గర వెయిటర్ ఆకుపచ్చ యాపిల్ ఇచ్చి, ఇది తినిపించండి అన్నాడు. యాపిల్‌తో తగ్గిందో, నిద్రతో తగ్గిందో.

ఆఫీసు గురించి రాయడానికేం లేదు. జరుగుతోంది.

ఇంటికి రాకుండా ఈ షికార్లేంటని నువ్వు అనలేదు. కానీ నాకు అన్నట్టే వినిపించింది. ఉన్న ఎనిమిది రోజుల సెలవులో నాలుగు రోజులు విమానాల్లోనే పోతే, మిగిలిన నాలుగు రోజులూ మీ దగ్గర పగలు నిద్రపోయి రాత్రి మేలుకునేదాన్ని. వేసవికి వస్తాం. ఈసారి నిజంగానే.

నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

మా గది శుభ్రం చేసే అబ్బాయిది ఫిలిప్పీన్స్. అబ్బాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తండ్రి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తాడు. సాయంత్రం తువ్వాళ్లు మడిచి మంచం మీద ఏదో ఒక జంతువుని కూర్చోబెట్టి పోతాడు. మొన్న ఏనుగు. పాప దాన్ని విప్పనివ్వక, మేము ఉన్న ఒక్క తువ్వాలుతోనే సరిపెట్టుకున్నాం. ఓడ ఎక్కి ఏడు నెలలైందట. ఇంకో రెండు నెలలు ఉండాలి. వారానికో సెలవు అనేది లేదు. కింద ఎక్కడో కిటికీ లేని గది, అందులో ఇద్దరు. మీ అల్లుడి సంగతి తెలుసుగా, వెంటనే రూల్స్ చదివారు. 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం వీళ్లకి 24 గంటల్లో కనీసం 10 గంటలు విశ్రాంతి ఇవ్వాలట. దాన్ని కూడా రెండు ముక్కలు చెయ్యొచ్చట.

24న పొద్దున పదకొండున్నరైనా గది సర్దలేదు. పాప నిద్రకి ఏడుస్తోంది, నిన్నటి దుప్పట్లు అలాగే ఉన్నాయి, బాత్రూమ్ అంతా నీళ్లు. రిసెప్షన్‌కి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. నా గొంతు నీకు తెలుసు. ఐదు నిమిషాల్లో పరిగెత్తుకుంటూ వచ్చాడు. సారీ మేడమ్, సారీ మేడమ్ అంటూ దుప్పటి అంచు మంచం కిందకి దోపుతున్నాడు, చెయ్యి నిలవడం లేదు. ఏమైందని అడిగితే మొదట ఏం లేదన్నాడు. తర్వాత చెప్పాడు. వాళ్ల ఊరు ఇక్కడికంటే పదమూడు గంటలు ముందు. ఇక్కడ పొద్దున పదకొండు అంటే అక్కడ అర్ధరాత్రి, క్రిస్మస్ వచ్చేసినట్టు. ఇంట్లో అందరూ భోజనానికి కూర్చుని ఇతని కాల్ కోసం చూస్తున్నారట. సిగ్నల్ కోసం పైకి వెళ్లాడు. అరగంటకి దొరికింది. చిన్నది ఫోన్ అందుకునేసరికి సూపర్‌వైజర్ నుంచి పిలుపు.

ఆ పిలుపు నా వల్లే.

ఏమనాలో తెలియక, ఆ ఏనుగుని నేనే విప్పి అతని చేతికిచ్చాను. ఎంత తెలివితక్కువ పనో చూడు, ఇంకో తువ్వాలు ఉతకడానికి ఇచ్చినట్టు.

మళ్లీ రిసెప్షన్‌కి వెళ్లి, ఆ ఫిర్యాదు నా తొందరపాటు, తీసేయండి అన్నాను. ఆవిడ కార్డు ఇచ్చి, మెచ్చుకోలు ఏదైనా ఉంటే పేరు పెట్టి రాయండి, అది అతని ఫైల్లోకి వెళ్తుంది అంది. రెండు వైపులా రాశాను. మీ అల్లుడు కవరులో కొంత పెట్టారు. కార్డు రాయడానికి పట్టిన టైములో సగం కూడా అరవడానికి పట్టలేదు.

ఆ రాత్రి మధ్య హాల్లో సిబ్బంది పాటలు పాడారు. పొడుగు టోపీల వంటవాళ్లు, ఇంజిన్ గదివాళ్లు, చేతిలో కాగితాలతో మూడు వరుసలు. పాడుతూ పాడుతూ ఒకమ్మాయి గడియారం చూసుకుంది. అరగంట తర్వాత చూస్తే మా టేబుల్ దగ్గర ఎంగిలి ప్లేట్లు తీస్తోంది. చాలా బాగా పాడావు అంటే, పెరుగు ఇంకొంచెం తేనా పాపకి, అంది.

నాన్న మోకాలికి ఆ బెల్టు వాడుతున్నారా? కొని బీరువాలో పెట్టుకోవడానికి కాదు.

అమ్మా, నేను లంచ్ టైములో చేసేసరికి నీకు రాత్రి పదిన్నర అవుతుంది. నువ్వు నిద్ర ఆపుకుని కూర్చుంటావు, నేను మీటింగ్ అని నాలుగు నిమిషాల్లో పెట్టేస్తాను. మొన్న నీ బీపీ రిపోర్టు మధ్యలో పెట్టేశాను. అంకె విన్నాను, డాక్టర్ ఏమన్నాడో వినలేదు. ఇకనుంచి పాప పడుకున్నాక, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి చేస్తా. నీకు పొద్దున ఎనిమిది. ఆదివారం మొదలుపెడదాం. డాక్టర్ ఏమన్నాడో మొదట్నుంచి చెప్పు.

మీ బుజ్జి