పెద్దవాళ్ళ ఫోటో వాళ్ళు ఉండగానే తీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది బాపట్ల జిల్లా రేపల్లె. ఇక్కడ మాకో ఫోటో స్టూడియో ఉంది, నాన్న పెట్టింది, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నా. మీ పేపర్ రోజూ షాపుకి వస్తది, జిల్లా పేజీల్లో వేసే శ్రద్ధాంజలి ప్రకటనలు మాత్రం ఒక్కటి కూడా వదలకుండా చూస్తాను, ఎందుకంటే ఆ ఫోటోల్లో చాలావాటికి ఎవరో ఎంత తంటాలు పడ్డారో చూడగానే నాకు తెలిసిపోద్ది. మొహం మసక, కళ్ళు సరిగ్గా కనపడవు, భుజం మీద ఇంకొకరి చెయ్యి తీసేసి ఆ చోటు రంగుతో నింపేసిన గుర్తు. ఎనభై ఏళ్ళు బతికిన మనిషికి చివర్లో మిగిలేది ఈ ఫోటోనా అని బాధేస్తది. దాని గురించే రాస్తున్నా, కొంచెం పెద్ద ఉత్తరమైనా వేయమని మనవి.

ఇప్పుడు ఇంటికి నాలుగు ఫోన్లు, ఒక్కో ఫోన్లో వేల ఫోటోలు. అయినా పెద్దాయన పోయిన రోజు గోడకి పెట్టుకోడానికి ఒక్కటి దొరకదండి. ఆ రాత్రో మర్నాడు పొద్దున్నో కొడుకో అల్లుడో వస్తాడు, మొహం పీక్కుపోయి ఉంటది, ఫోన్ నా చేతిలో పెట్టి 'ఇందులో ఏదోటి చూడన్నా' అంటాడు. ఊళ్ళో కట్టడానికి ఫ్లెక్సీ వెంటనే కావాలి, పేపర్లో ప్రకటనకి ఒకటి కావాలి, పెద్దకర్మ నాటికి 12×18 అంగుళాల ఫ్రేము కావాలి. ఫోన్ అంతా వెతుకుతాం, మనవరాలి పుట్టినరోజు కేకు వెనకాల సగం మొహం ఉంటది, పెళ్ళి గ్రూపులో అందరికంటే చివర పక్కకి చూస్తా ఉంటాడు, ఇంకోటి కాస్త బాగుందనుకుంటే అది వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చింది. చివరికి ఏం చేయలేక ఆధార్ కార్డు తీసి ఇస్తారు.

ఎందుకు పనికిరాదో ఒక్కసారి చెప్తాను, ఇది తెలిస్తే చాలామంది జాగ్రత్తపడతారు. 12×18 ఫోటో శుభ్రంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 బై 5400 పిక్సెళ్ళు ఉంటే బాగుంటది, కాస్త తగ్గినా ఎలాగోలా సర్దుకోవచ్చు. ఇరవైమంది నిలబడ్డ గ్రూపు ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది సైజు తగ్గించేస్తది, అందులోంచి ఒక్క మొహం కట్ చేస్తే అడ్డంగా వంద పిక్సెళ్ళు కూడా మిగలవు. దాన్ని గోడ మీద సైజుకి లాగితే మొహం కాదు, మచ్చలు కనపడతాయి. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే తగ్గకుండా వస్తది, ఈ ఒక్క ముక్క ఇళ్ళల్లో పిల్లలకి చెప్పండి.

మరి మేం ఏం చేస్తాం అంటే, ప్రతి స్టూడియో కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉంటది, తెల్లచొక్కా కండువాతో ఉన్న ఒళ్ళు కొన్ని, పట్టుచీర కట్టుకున్న ఒళ్ళు కొన్ని, తలలు లేకుండా. దొరికిన మొహాన్ని కత్తిరించి మెడ దగ్గర అతికించి రంగు కలిపి వెనకాల నీలం వేసి ఇస్తాం. అందుకే మా చుట్టుపక్కల ఊళ్ళల్లో చాలా గోడల మీద ఒకటే చొక్కా కనపడతది. ఎప్పుడూ పట్టుచీర కట్టని మనిషి ఫోటోలో పట్టుచీరతో ఉంటది. ఇంట్లోవాళ్ళు కాదనరు, ఆ సమయంలో వాళ్ళకి ఏదో ఒకటి కావాలి కదా.

ఇప్పుడు ఇంకోటి వచ్చింది, ఏఐ. ఈమధ్య ఒక లంక ఊరి నుంచి అక్కాతమ్ముళ్ళు వచ్చారు, వాళ్ళమ్మ పోయి నాలుగో రోజు. ఉన్నదల్లా పొలంలో ఎవరో తీసిన ఒక ఫోటో, నెత్తి మీద తువ్వాలు, ఎండకి కళ్ళు చికిలించుకుని ఉంది, మొహం సగం నీడలో ఉంది. తమ్ముడు దాన్ని అప్పటికే ఏదో యాప్‌లో పెట్టి నీట్‌గా చేయించి తెచ్చాడు, ఒక్క ముడత లేదు, పలువరస తీర్చిదిద్దినట్టు ఉంది. ఆ అమ్మాయి స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూసి నాతో 'అన్నయ్యా, అమ్మకి ముందు పన్ను ఊడిపోయి ఎన్నేళ్ళో అయింది, పైపెదవి మీద పుట్టుమచ్చ ఉండాలి, ఏదీ?' అంది. 'క్లియర్‌గా ఉంది కదక్కా' అంటాడు తమ్ముడు. క్లియర్‌గానే ఉంది కానీ ఆ కళ్ళు వాళ్ళమ్మవి కావు. ఆ యాప్‌లు పోయిన వివరాన్ని వెనక్కి తేలేవండి, లేనిచోట తమకి తోచింది గీసి పెడతాయి. నేను పాత ఫోటోనే తీసుకుని నీడ కొంచెం తేల్చి, తువ్వాలు అలాగే ఉంచేసి, పెద్దది చేయకుండా 6×8లోనే ప్రింట్ వేసి ఇచ్చా. 'ఇదీ అమ్మ' అని చీర కొంగుతో ఆ ఫోటో తుడుచుకుంటా కూర్చుంది. వాళ్ళమ్మని ఉన్నప్పుడే స్టూడియోకి తీసుకొచ్చి పది నిమిషాలు కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది, వాళ్ళ ఊరు మాకు ఆటోలో అరగంట దూరం.

ఇందులో ఆడవాళ్ళ పరిస్థితి మరీ అన్యాయం. తాతకైతే ఎక్కడో సన్మానం ఫోటో అన్నా, సొసైటీ ఎన్నికలప్పటి ఫోటో అన్నా ఉంటది, నాయనమ్మకి అదీ ఉండదు. ఫంక్షన్ రోజు ఆమె పొయ్యి దగ్గరో, పిల్లల్ని ఎత్తుకునో ఉంటది, కెమెరా చూపిస్తే 'ఈ వయసులో నాకెందుకురా' అని కొంగు అడ్డం పెట్టుకుంటది. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్ళ కోసమని హైదరాబాద్‌లో వేరే జెనానా స్టూడియో పెట్టించాడు, అది 1892 నాటి మాట. ఆ రోజుల్లో పరదా ఉన్న ఆడవాళ్ళకి కూడా ఫోటో ఉండాలని ఆయనకి తోచింది, కాకపోతే అది గొప్పింటి వాళ్ళకి. మా ఊళ్ళ ఆడవాళ్ళ దాకా కెమెరా వచ్చింది చాలా ఆలస్యంగా. 1993లో టి.ఎన్.శేషన్ గారి హయాంలో ఓటరు ఫోటో గుర్తింపు కార్డులు మొదలయ్యాయి కదా, ఆ తర్వాత ఊరూరా స్కూళ్ళలో కుర్చీ వేసి ఫోటోలు తీశారు, చాలామంది ముసలమ్మలు కెమెరా ముందు మొట్టమొదటిసారి కూర్చుంది అప్పుడేనని నాన్న చెప్పేవాడు. కొందరికి అదే మొదటిది అదే ఆఖరుది.

అంతకుముందు అసలు ఫోటోయే లేకుండా మనిషి పోతే నాన్నని ఇంటికి పిలిచేవాళ్ళు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుని, బొట్టు పెట్టి, దండ వేసి తీయించుకునేవాళ్ళు. చిన్నప్పుడు లైటు పట్టుకోడానికి నన్ను కూడా తీసుకెళ్ళేవాడు, ఆ ఇంట్లో వాళ్ళు ఆ ఒక్క ఫోటో కోసం ఎలా ఎదురుచూసేవాళ్ళో నేను చూశాను. అప్పట్లో స్తోమత లేక అలా జరిగింది. ఇవాళ పాస్‌పోర్ట్ ఫోటోలకి ఇచ్చే డబ్బులకి ఇంకొంచెం కలిపితే మంచి ఫోటో వస్తది, అయినా తీయించట్లేదు.

నాన్న కాలంలో 120 ఫిల్ము, రోల్‌కి 12 ఫోటోలే, అందుకని తీసేవాడూ దిగేవాడూ ఇద్దరూ శ్రద్ధగా ఉండేవాళ్ళు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేయడం, డార్క్‌రూమ్‌లో ఎర్ర లైటు కింద డెవలపర్ ట్రేలో మొహం మెల్లగా తేలడం, తర్వాత బొమ్మ చెరగకుండా నిలిపే హైపో మందులో వేయడం, ఆరబెట్టడం, ఇదంతా అయ్యాక ప్రతి నెగెటివ్‌నీ కవర్లో పెట్టి నంబరు వేసేవాడు, అదే నంబరు ఫోటో వెనకాల స్టూడియో స్టాంపు కింద రాసేవాడు. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమతో పాటు మా వైపు తీరంలో ఊళ్ళని కూడా తుడిచిపెట్టింది. ఇల్లు లేదు, పెట్టె లేదు, అందులో ఉన్న ఫోటోలు లేవు, అలాంటోళ్ళు వెతుక్కుంటా వచ్చి 'మా వాడు మీ దగ్గర దిగాడయ్యా, ఉందేమో చూడండి' అని అడిగితే నాన్న ఆ డబ్బాలన్నీ తిరగేసి దొరికినవాటికి ప్రింట్లు వేసి ఇచ్చాడంట, డబ్బులు తీసుకోలేదంట. ఇప్పటికీ ఆ నెగెటివ్‌లు మా అటక మీద ఉన్నాయి.

తోటి ఫోటోగ్రాఫర్లకి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాస్‌పోర్ట్ ఫోటో తీసి ప్రింట్ ఇచ్చేసి మెమరీ కార్డు ఫార్మాట్ చేసేస్తున్నాం. పెద్దవాళ్ళవైనా దాచండి, ఊరి పేరు, ఇంటిపేరు, తేదీ రాసి రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టండి, ఒకటి పోతే ఇంకోటి ఉంటది.

ఇంతకీ జనం ఎందుకు తీయించరో నాకు తెలుసు. పెద్దవాళ్ళేమో ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుద్దని వెనకటి నమ్మకం, పిల్లలకేమో ఇంకో ఇబ్బంది. 'నాన్నా నీ ఫోటో పెద్దది తీయిద్దాం' అంటే ఆయన ఏమనుకుంటాడో, పోవడానికి తయారు చేస్తున్నారనుకుంటాడేమో అని. తప్పు పట్టలేం, అడగడం నిజంగా కష్టం. అందుకే నేను ఆ మాట ఎత్తను. పింఛను కాగితాలకో బ్యాంకు పనికో పాస్‌పోర్ట్ సైజు కోసం పెద్దవాళ్ళు వస్తారు, దానికి తెల్ల బ్యాక్‌గ్రౌండ్, సూటి చూపు, నవ్వకూడదు, అది అయిపోతది. లేవబోతుంటే 'ఇంకొక్క నిమిషం కూర్చో పెద్దమ్మా' అని స్టూలు కాస్త పక్కకి తిప్పి, లైటు ఒక వైపు నుంచి పెట్టి రెండో వైపు థర్మోకోల్ షీటు నిలబెట్టి, కళ్ళజోడు మీద మెరుపు లేకుండా గడ్డం కొంచెం దించమని, 'మనవడు ఏం చదువుతున్నాడు' అని అడుగుతా. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న మనిషి ఆ మాటకి మారిపోతది చూడండి, కళ్ళల్లోకి వెలుగొస్తది, చేతులు కదులుతాయి, అప్పుడు నొక్కుతా. ఆ ఫోటో వాళ్ళకి చూపించి పోస్ట్‌కార్డు సైజులో ఒకటి వేసి ఇస్తా. 'నేనేనా' అని మురిసిపోతారు. అపశకునం అన్నవాళ్ళు ఇంతవరకూ నాకు తగల్లేదు.

స్టూడియోకి రాలేకపోతే ఇంట్లోనే తీయండి, ఫోన్ చాలు. పొద్దున్న వసారాలో ఎండ మీద పడని చోట, వెలుతురు మొహం మీదకి వచ్చేట్టు కూర్చోబెట్టండి, గోడకి ఆనుకోకుండా నాలుగడుగులు ముందుకి. ఫోన్ మొహం దగ్గరికి పెట్టొద్దు, దగ్గర్నించి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, ఐదారు అడుగులు వెనక్కి వచ్చి రెండు రెట్లు జూమ్ పెట్టి కళ్ళ ఎత్తులో తీయండి. బ్యూటీ మోడ్, ఫిల్టర్లు ఆపేయండి, ఆ ముడతలు ఉండాలి. వాళ్ళకి అలవాటైన చీర, అలవాటైన పంచె చాలు. కోడలు 'ఇది మార్చుకోండి అత్తయ్యా' అని కొత్త చీర తెస్తది, అందులో ఆమె ఒళ్ళు దాచుకుని కూర్చుంటది, కాబట్టి అలవాటైన దాంట్లో ముందు నాలుగు తీసుకున్నాక కొత్తది కట్టించండి.

ఫోన్లోనే ఉంచేయొద్దు, ప్రింట్ వేయించండి, అదీ ల్యాబ్‌లో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడని ముంచాక మా చుట్టాలు కొందరు తడిసిన ఆల్బమ్‌లు నా దగ్గరికి తెచ్చారు. ఇంటి ప్రింటర్లో రంగునీళ్ళతో వేసిన ఫోటోలు మొత్తం కారిపోయాయి, ల్యాబ్‌లో వేసినవీ పాత బ్లాక్ అండ్ వైట్‌వీ మంచినీళ్ళలో కడిగి ఆరబెడితే చాలా వరకు దక్కాయి. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన వాటిని మాత్రం పీకొద్దండి, మొహం ఊడి వచ్చేస్తది, అద్దంతో సహా తెస్తే పైనుంచే స్కాన్ తీస్తాం.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఒకటే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ అమెరికా నుంచీ కూడా పిల్లలు ఊళ్ళకి వస్తారు, అమ్మానాన్న కొత్త బట్టల్లో, కాస్త నవ్వు మొహంతో ఉండేది ఆ మూడు నాలుగు రోజులే. దానికి ముందు వారం మీ జిల్లా పేజీలో ఒక మూల నేను పైన రాసిన ఫోన్ జాగ్రత్తలు వేయండి, కింద 'మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో ఉందా' అని ఒక్క లైను పెట్టండి. శ్రద్ధాంజలి ప్రకటన తీసుకునే మీ ఏజెంట్లు కూడా వాట్సాప్ ఫోటో తెచ్చినవాళ్ళని అసలు ఫైలు ఎవరి ఫోన్లో ఉందో కనుక్కుని డాక్యుమెంట్‌గా పంపమని అడిగితే చాలా తేడా వస్తది. రేపల్లె చుట్టుపక్కల మంచంలో ఉన్నవాళ్ళు, నడవలేనివాళ్ళు ఎవరున్నా కబురు చేస్తే లైటు తీసుకుని నేనే ఇంటికి వచ్చి తీస్తాను, పాస్‌పోర్ట్ ఫోటోకి ఎంతో అంతే తీసుకుంటాను, ఆదివారాలు పెళ్ళిళ్ళు లేకపోతే పొద్దున్నే ఖాళీగా ఉంటాను.

ఇట్లు,
ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్,
రేపల్లె