జిల్లా ఆసుపత్రులకు డిజిటల్ మామోగ్రఫీ ఇవ్వండి

సంపాదకులకు,
మా అక్కకు 44 ఏళ్లు. నిరుడు మా దగ్గర ఫిల్మ్ మామోగ్రామ్ (క్యాన్సర్ ఉందేమో చూడటానికి రొమ్మును పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే) తీయిస్తే, రొమ్ము కణజాలం చిక్కగా ఉండి ఫిల్మంతా తెల్లటి మబ్బులా వచ్చింది. లైట్ బాక్సుకు తగిలించి, భూతద్దం పెట్టి చూసిన డాక్టరు గారు 'మళ్లీ తీయాలమ్మా' అన్నారు. మళ్లీ అదే నొక్కుడు, అదే నొప్పి. హైదరాబాద్‌లో డిజిటల్‌లో తీశాక, స్క్రీన్ మీద పెద్దది చేసి చూపిస్తే ఆవాల కన్నా సన్నటి సున్నపు చుక్కలు కనిపించాయి. అవి ఒక్కోసారి క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చట. అక్క నా చెయ్యి వదల్లేదు.

అమెరికా, కెనడాల్లో 49 వేల మందికి పైగా మహిళలతో చేసిన డీమిస్ట్ అధ్యయనం, 50 ఏళ్ల లోపు వారికి, చిక్కటి కణజాలం ఉన్నవారికి రొమ్ము క్యాన్సర్‌ను పట్టడంలో డిజిటలే మెరుగని 2005లోనే చెప్పింది. జిల్లా ఆసుపత్రుల్లో ఆ యంత్రం పెడితే చిత్రాన్ని నెట్‌లో పట్నం డాక్టరుకు పంపొచ్చు. కూలి పోగొట్టుకుని మనిషి కదలక్కర్లేదు.

– ఓ అంగన్‌వాడీ టీచరు