తాడు వదలని మావయ్యకి, మాస్కు తీయనివ్వని తమ్ముడికి

అందరికీ నమస్కారం. మా ఆయన ఇంటికొచ్చేశారు. నడుస్తున్నారు, తింటున్నారు, నిన్నట్నుంచి పిల్లల మీద కేకలు కూడా మొదలయ్యాయి. ఫోన్లు చేసిన అందరితో మాట్లాడలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చీపురుపల్లి నుంచి విజయనగరం దాకా "ఫర్నేస్ పేలిపోయిందట" అని పాకిపోయింది. ఏమీ పేలలేదు. ఏ ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కులో కలిపే మాంగనీసు లాంటి మిశ్రమ లోహాల) ఫ్యాక్టరీ అన్నది రాయను, తెలిసినవాళ్లకి తెలుసు. ఫర్నేస్ ఆపిన షట్‌డౌన్‌లో, గ్యాస్ పోయే పెద్ద గొట్టం, అదే డక్ట్‌లో పేరుకున్న దుమ్ము తీయడానికి మా ఆయన దిగారు. పక్క ఫర్నేస్ నడుస్తూనే ఉంది. అటు నుంచి గ్యాస్ రాకుండా వేయాల్సిన బ్లైండ్ ప్లేటు వేయలేదు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వచ్చేసింది.

మొదటి దండం తాళ్లు, బరువుల పని చూసే ఖలాసీ మేస్త్రీ గారికి. మా ఆయనకి బాబాయి వరస, నాకు మావయ్య. నడుముకి తాడు కట్టనిదే దిగనివ్వనని పట్టుబట్టింది ఆయనే. "ఏటి బాబాయ్, గొర్రిపోతునా కట్టీడానికి" అని ఈయన నవ్వారట. లోపల కూలబడిపోగానే ఇద్దరు కుర్రాళ్లు దూకబోతే మేన్‌హోల్‌కి అడ్డంగా కూర్చుండిపోయి, "ఎవుడూ దిగొద్దు! దిగినోడూ ఆడి పక్కనే పడతాడు. తాడు లాగండి!" అని అరిచారట. సెప్టిక్ ట్యాంకుల వార్తల్లో చూస్తూనే ఉంటాం కదా, ఒకడు పడితే తీయబోయినవాడు, వాడి కోసం ఇంకొకడు. ఆ కుర్రాళ్ల తల్లులు కూడా మావయ్యకి దండం పెట్టాలి.

రెండోది 108లో వచ్చిన తమ్ముడికి. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 98 చూపించింది. పక్కనున్నవాళ్లు "బానే ఉన్నాడు, మాస్కు తీసేయండి, ఊపిరాడట్లేదంటున్నాడు" అన్నారు. తమ్ముడు తీయనివ్వలేదు. ఈ గ్యాస్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టేసుకుంటుందట, ఆ క్లిప్పుకి రెండింటికీ తేడా తెలియదట, అందుకే అంకె బాగానే కనిపిస్తుందట. మామూలు గాలిలో ఆ గ్యాస్ సగం దిగడానికే నాలుగైదు గంటలు, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటో గంటన్నరో. డాక్టరు గారు తర్వాత ఇదంతా ఓపిగ్గా విడమర్చి చెప్పారు. ఆయనకీ, రాత్రంతా ఐదు నిమిషాలకోసారి వచ్చి చూసిన సిస్టర్‌కీ రుణపడి ఉన్నాం.

పరామర్శకి వచ్చినవాళ్లలో కొందరు "కాస్త జాగ్రత్తగా ఉండాలి కదమ్మా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. టాపింగ్ డ్యూటీ, అదే ఫర్నేస్‌లోంచి కరిగిన లోహం బయటికి తీసే పని, అంటే లెదర్ ఏప్రాన్, కాళ్లకి గార్డులు, నీలం అద్దాలు, ఒక్కటీ మర్చిపోరు. ఆ లోహం పట్టే లేడిల్‌లో కాస్త తడి ఉన్నా కరిగిన లోహం చిమ్మి పేలుతుందని, ఎవరు చూశామన్నా నమ్మక తానే వంగి చూసుకునే మనిషి. డక్ట్ పని మాత్రం ఆయన లెక్కలో రెస్టు పని. మంట లేదు, రవ్వలు లేవు, మోత లేదు. "గ్యాస్ వస్తే ముక్కుకి తెలీదా" అనుకుంటారు అందరూ. దీనికి వాసనే లేదు. మూతికి కట్టుకునే తువ్వాలు దుమ్మునైతే ఆపుతుంది, దీన్ని ఆపదు. కళ్లెదుట ఎవరికైనా కాలితే ఆ భయం జన్మంతా ఉంటుంది, కనపడనిదానికి ఎలా భయపడతారు? పైగా మా వైపు 1890ల నుంచీ మాంగనీసు తవ్వుతున్నారు. మా మావగారి చొక్కా మీద నల్లదుమ్ము ఇంట్లో ఎవరికీ వింతగా ఉండేది కాదు.

ఇంకో సంగతి, ఇది మగవాళ్లు బయటికి చెప్పరు. "ప్లేటు వేశారా, గ్యాస్ ఉందేమో మీటరు పెట్టి చూశారా" అని అడిగితే మర్నాడు గేట్ పాస్ ఉంటుందో ఉండదో. గ్యాస్ వస్తే రావచ్చు, రాకపోవచ్చు. నాగా పడితే కూలి పోవడం మాత్రం ఖాయం. కాంట్రాక్టు మనిషి దేనికి ఎక్కువ భయపడతాడో మీరే చెప్పండి. గేటు దగ్గర ఎన్ని భద్రతా బోర్డులు రాయిస్తే మాత్రం?

మా వీధి రిటైర్డ్ మాస్టారికి కూడా థాంక్స్. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చి, ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికి చెప్పే హక్కు కార్మికుడికే ఇచ్చారని, ఆ 41-హెచ్ సెక్షన్ తెలుగులో రాసి తెచ్చిచ్చారు. జిరాక్సులు తీసి మా ఆయన గ్యాంగులో అందరికీ పంచాను. ఇప్పుడు మీటరు లేనిదే డక్ట్‌లో దిగేది లేదని నలుగురూ కలిసి అడిగారట, ఒకటి ఇచ్చారట. షిఫ్టుకి ఒక్కటి ఏం చాలుతుంది అని నా గోల నాది.

పిల్లల్ని చూసుకున్న ఎదురింటి అక్కకి, జీతంలోంచి తీసి డబ్బులు పోగేసిన గ్యాంగు కుర్రాళ్లకి పేరుపేరునా దండాలు. తిరిగివ్వొద్దన్నారు గానీ సంక్రాంతి లోపు ఇచ్చేస్తాం, కాదనకండి.

మేస్త్రీ మావయ్యకి ఫేస్‌బుక్ లేదు. బి షిఫ్టు పిల్లలెవరైనా టీ టైములో ఇది ఆయనకి చదివి వినిపించండి. "పనీ పాటా లేదా" అని తిడతారు. అయినా మొత్తం వినిపించండి.