స్టెప్పులు లేని జవాబెందుకు?

ఎడిటర్ గారికి నమస్తే, మాది హన్మకొండ. మా బాబు తొమ్మిదో తరగతి, మొన్న రాత్రి ఫిజిక్స్ లెక్క ఒకటి పట్టుకొని కూసున్నడు. గంటకు 72 కిలోమీటర్ల స్పీడుతోని పోతున్న బస్సుకు బ్రేకేస్తే సెకను సెకనుకు 5 మీటర్ల స్పీడు తగ్గుతది, ఎంత దూరంల ఆగుతది అని. మావోడు 72ను అట్లనే స్క్వేర్ చేసి 10తోని భాగించి 518 మీటర్లు అని రాసిండు. అరే, చౌరస్తాల బ్రేకేస్తే అర కిలోమీటర్ అవతల ఆగుతదారా బస్సు అంటే అప్పుడు నవ్విండు.

గైడ్‌ల చూస్తే 40 మీటర్లు అని జవాబొక్కటే ఉన్నది. ఇద్దరం కూసొని చేసినం, కిలోమీటర్‌కు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు, భాగిస్తే 5/18, దాంతోని 72ను గుణిస్తే సెకనుకు 20 మీటర్లు, ఆగే దూరమంటే స్పీడు స్క్వేర్‌ను, సెకనుకు తగ్గే స్పీడుకు రెండింతలతోని భాగించుడే గాబట్టి ఆ 20ని స్క్వేర్ చేస్తే 400, దాన్ని రెండైదుల పదితోని భాగిస్తే 40 మీటర్లు, గంతే. ఈ 5/18 ఏడికెళ్లి వచ్చిందో ట్యూషన్ల చెప్పలేదంట, బట్టీ కొట్టమన్నరంట (ఫీజు మాత్రం టైముకు అడుగుతరు).

మీ చదువు పేజీల బిట్లు చాలానే వేస్తరు గదా, వారానికి ఒక్క లెక్కనన్న యూనిట్లతో సహా, ఒక్క లైను గూడ ఎగ్గొట్టకుండా వెయ్యుండ్రి సార్.

– ఒక తండ్రి, హన్మకొండ