చిట్టికి, అమ్మ రాస్తున్నది

చిట్టీ,

మూడు వారాలైంది నీ గొంతు విని. ఇక్కడ అందరం బాగున్నాం. మామయ్య మోకాలు కాస్త నయం, చిన్నోడి పరీక్షలు అయిపోయాయి. నిన్న పిన్ని ఫోన్ చేసి, నువ్వు రూబిస్కో అనే ఎంజైమ్ మీద పనిచేసే ఆ ల్యాబ్‌లో వచ్చిన పీహెచ్‌డీ సీటు వదులుకుంటున్నావట, బుజ్జి చెప్పిందంది. నేనేం అడగను. నీ ఇష్టం.

ఊరికే కూర్చోలేక రూబిస్కో గురించి మళ్లీ చదివాను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి మొక్కకి ఆహారంగా మలిచే పని మొదలుపెట్టేది అదే. ఆకుల నిండా అదే ఉంటుంది, అయినా సెకనుకు కొద్ది అణువులనే పట్టగలదు, మధ్యలో పొరబడి ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. మార్చి చూద్దామంటే దాని పెద్ద భాగానికి జన్యువు ఆకు కణంలోని పచ్చటి క్లోరోప్లాస్ట్‌లో, చిన్న భాగానికి కేంద్రకంలో. మొక్కల రూబిస్కోని ఈ.కోలై బ్యాక్టీరియాలో పనిచేసేలా కూర్చింది 2017లో, అదీ మొక్కలోని సహాయక ప్రోటీన్లను కూడా తోడిచ్చాక. అంత మొండిదని భయపడ్డావా తల్లీ? బుజ్జికి చెప్పగలిగింది నాకు చెప్పలేకపోయావా?

నా రీసెర్చ్ రోజుల సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. ఆకుల్లోంచి ఒక ఎంజైమ్ తీయడం నా పని. నూరినప్పుడు పచ్చగా ఉన్న రసం వడకట్టేలోపే గోధుమ రంగుకు తిరిగేది, ఎంజైమ్ చచ్చిపోయేది. నాలుగు డిగ్రీల కోల్డ్ రూమ్‌లో శాలువా కప్పుకుని నాలుగు నెలలు అదే పని. గైడ్ అడిగినప్పుడల్లా "జరుగుతోంది సార్" అనేదాన్ని. మా అమ్మకి ఉత్తరం కూడా మానేశాను. ఒకరోజు గాజు సామాను కడిగే పెద్దాయన నా బీకరు చూసి, "ముందు ఇక్కడ చేసినమ్మాయి ఆకు నూరేటప్పుడే ఏదో తెల్లపొడి వేసేదమ్మా" అన్నాడు. అది పీవీపీ. రసాన్ని గోధుమ రంగుకు తిప్పి ఎంజైమ్‌ని పాడుచేసే ఫినాల్స్ అనే పదార్థాలు ఆకులో ఉంటాయి, వాటిని పట్టేసుకుంటుంది. మర్నాడు తెల్లారేదాకా రసం పచ్చగానే ఉంది, ఎంజైమ్ పనిచేస్తోందో లేదో చూపే స్పెక్ట్రోఫోటోమీటర్ ముల్లు కదిలింది. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. మొదటి వారమే ఎవరినైనా అడిగి ఉంటే!

సలహాలు చెప్పకూడదనుకున్నాను గానీ, ఏ ల్యాబ్‌లో చేరినా ముందు అక్కడి పిల్లలతో, గైడ్ లేనప్పుడు, మాట్లాడు. ఎన్నేళ్లకి డిగ్రీ చేతికొచ్చింది, మధ్యలో ఎందరు మానేశారు, ఫెలోషిప్ ఎన్నాళ్లు వస్తుంది, అన్నీ అడుగు. అన్నిటికన్నా ముఖ్యం, స్క్రీనింగ్ ఎలా చేస్తారో అడుగు. ఎంజైమ్‌కి వేల మ్యూటెంట్లు, అంటే కాస్త కాస్త మార్చిన రూపాలు, చేయడం ఇప్పుడు పెద్ద పని కాదు. వాటిలో మెరుగైనదాన్ని ఏరే పరీక్ష, అదే స్క్రీనింగ్, లేకపోతే నీ వయసు కరిగిపోతుంది. 2018లో శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కి నోబెల్ తెచ్చిన డైరెక్టెడ్ ఎవల్యూషన్, అంటే ఎంజైమ్‌ని మార్చి మార్చి మెరుగైనదాన్ని ఎంచుకుంటూ పోవడం, అంతా ఆ ఏరడం మీదే నడుస్తుంది. రూబిస్కో వద్దనుకుంటే వేరే ఎంజైమ్‌లు పీ450లున్నాయి, టెర్పీన్ సింథేజ్‌లున్నాయి. మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్ లాంటి మందు మొక్కలో తయారయ్యేది వాటివల్లే. ల్యాబ్ మారితే మారు, రంగం మాత్రం వదలకు.

లిక్విడ్ నైట్రోజన్ పోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటున్నావా? చెప్పులతో ల్యాబ్‌కి వెళ్లకు, బూట్లు వేసుకో. కోల్డ్ రూమ్‌లోకి స్వెట్టర్ లేకుండా దూరకు, నీకసలే జలుబు.

సీటు వద్దని రాసేసినా సరే, ఆదివారం ఫోన్ చెయ్యి. నీ కబురు నాకు పిన్ని చెబితే తెలియకూడదు.

అమ్మ