రామగుండం ఎండలో పరీక్షించని బండి మాకెట్లా పనికొస్తుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

హనుమకొండలో ములుగు రోడ్డు వైపు నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. సెల్ఫ్ మోటర్లు, డైనమోలు, వైరింగ్ పనితో మొదలుపెట్టినవాణ్ని. ఇప్పుడు బ్యాటరీ ఆటోలు, బ్యాటరీ స్కూటర్లు కూడా చాలానే వస్తున్నాయి. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశాక ఇవి ఇంకా పెరిగాయి. ఆర్టీసీ కూడా కరీంనగర్, నిజామాబాద్, వరంగల్‌లలో ఎలక్ట్రిక్ బస్సులు దింపింది. ఇది మంచి మార్పే. రోజంతా హనుమకొండ చౌరస్తాలో పొగ మింగే ఆటో డ్రైవర్లను అడగండి, వాళ్లే చెప్తారు.

నా బాధ వేరే. ఈ బండ్ల మీద కంపెనీలు చేసే పరిశోధనలో మా ఎండ లేదు, మా రోడ్డు లేదు, మాలాంటి మెకానిక్‌లు లేరు.

ముందు ఎండ సంగతి. ఇప్పుడు వాడుతున్న చాలా రకాల లిథియం సెల్స్‌ను, అంటే బ్యాటరీ లోపల ఉండే చిన్న చిన్న యూనిట్లను, 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయొద్దని వాటి తయారీదారులే చెప్తారు. అది సెల్ వేడి, బయట గాలి వేడి కాదు. మే నెలలో రామగుండంలో, ఆదిలాబాద్‌లో గాలే 45 వరకు పోతుంది. దాని కింద తారు రోడ్డు సెగ. బండి నడిచినంతసేపు సెల్ తనంతట తాను కూడా వేడెక్కుతుంది. పరకాల నుంచి మనుషుల్ని ఎక్కించుకొని వచ్చిన ఆటోను పగలు రెండింటికి ఛార్జింగ్ పెడితే తీసుకోదు. బ్యాటరీలో ఉండే కంట్రోల్ బోర్డు, దాన్నే బీఎంఎస్ అంటారు, సెల్స్‌ను కాపాడటానికి కరెంటు ఆపేస్తుంది. బోర్డు తన పని సక్రమంగానే చేసింది. కానీ డ్రైవర్‌కు మధ్యాహ్నం గిరాకీ పోయింది. బ్యాటరీ చల్లారే దాకా వేపచెట్టు కింద కూర్చోవాలి. చాలామంది బండి చెడిపోయిందనుకొని టెన్షన్‌తో నా దగ్గరికి తోసుకొస్తారు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే లోడు ఆటోలకైతే సీజనే ఎండాకాలం. వాటి కష్టం ఇంకా ఎక్కువ.

కంపెనీ కాగితం మీద రాసే మైలేజీ ల్యాబ్‌లో రోలర్ల మీద, మామూలు గది వేడిలో తీసింది. అందులో తప్పు లేదు, అన్ని బండ్లకూ ఒకే కొలత కావాలి కాబట్టి. కానీ దాని పక్కనే, 45 డిగ్రీల ఎండలో నిండు లోడుతో ఎంత పోతుందో, ఎంతసేపటికి ఛార్జ్ తీసుకుంటుందో కూడా రాయాలి. అది రాయాలంటే ముందు ఇక్కడికొచ్చి పరీక్షించాలి. మహీంద్రా రీసెర్చ్ సెంటర్ చెన్నై దగ్గర ఉంది, బండ్లకు పరీక్షలు చేసే సంస్థ ఏఆర్ఏఐ పుణెలో ఉంది. హైదరాబాద్‌లోనే హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్, బండ్ల విడిభాగాలు చేసే జెడ్ఎఫ్ కంపెనీ టెక్ సెంటర్ ఉన్నాయి. బాలాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, మంటకు అంత తొందరగా లొంగని ఎల్ఎఫ్‌పీ రకం బ్యాటరీ పదార్థం మీద పని చేసింది. మా ఊళ్లోనే ఎన్ఐటీ ఉంది, అక్కడ పవర్ ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలున్నారు. ఒక్క ఎండాకాలం కొన్ని ఆటోలకు సెన్సర్లు పెట్టి కాజీపేట, పరకాల, రామగుండం రూట్లలో తిప్పితే ఎంత సమాచారం వస్తుంది! డ్రైవర్లను ఒప్పించే పని నాలాంటివాళ్లం చేస్తాం.

ఇక రిపేరు. పోయిన వేసవిలో ఒక బ్యాటరీ ఆటో లైట్లు, హారన్ లేకుండా వచ్చింది. 48 వోల్టులను 12 వోల్టులకు దించే కన్వర్టర్ కాలిపోయింది. పదినిమిషాల్లో తెలిసిపోయింది. అయితే కొత్తది పెట్టినా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కలపనిదే బండి స్టార్ట్ కాదట. ఆ సాఫ్ట్‌వేర్ బయటివాళ్లకు ఇవ్వరు. పాపం ఆ డ్రైవర్ డీసీఎంలో ఆటో ఎక్కించి హైదరాబాద్ పంపాడు. బండి వచ్చేలోపు ఫైనాన్స్ కిస్తీ మీద పడింది, ఇంటామె చెవి కమ్మలు కుదువకు పోయాయి.

బ్యాటరీని బయటివాళ్లు విప్పితే ప్రమాదమని కంపెనీలు అంటాయి. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అలాంటి ఘటనల తర్వాతే కేంద్రం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాలను గట్టి చేసింది. ట్రైనింగ్ లేనివాడు బ్యాటరీ ప్యాక్ మూత తియ్యనే కూడదు. కానీ కనెక్టర్, ఫ్యూజు, కన్వర్టర్, థ్రాటిల్ (యాక్సిలరేటర్) సెన్సర్, ఇవన్నీ ప్యాక్ బయట ఉండేవి. వీటికి తాళం ఎందుకు? వైరింగ్ డయాగ్రం దొరక్క అడ్డదిడ్డంగా జాయింట్లు కొట్టేవాళ్లను చూస్తున్నాను. అసలు ప్రమాదం అక్కడుంది. సమాచారం దాచిపెడితే భద్రత రాదు.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 2014 ఆగస్టులో, మార్కెట్‌లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నదే అభియోగం. అప్పీళ్ల సంగతి ఎలా ఉన్నా, కమిషన్ చెప్పిన న్యాయం బ్యాటరీ బండికీ వర్తించాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో తెచ్చిన రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్‌లో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. అక్కడ యూజర్ మాన్యువల్ కాదు, సర్క్యూట్ డయాగ్రం, ఎర్రర్ కోడ్‌ల అర్థాలు తెలుగులో ఉండాలి. మన ఐటీఐల్లో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ కోర్సు పెట్టారు, సంతోషం. ఆ పిల్లలు బయటికొచ్చి సొంతంగా షాపు పెట్టుకోవాలన్నా ఈ కాగితాలే కావాలి.

దీన్ని కంపెనీల ఇష్టానికి వదిలేస్తే జరగదని నా నమ్మకం. వీళ్ల పరిశోధనలో, తయారీలో ప్రజల డబ్బు ఉంది. తయారీకి ప్రోత్సాహక డబ్బు ఇచ్చే ఆటోమొబైల్ పీఎల్ఐ పథకం రూ.25,938 కోట్లు. ఎలక్ట్రిక్ బండ్లను ప్రోత్సహించే పీఎం ఇ-డ్రైవ్ పథకం రూ.10,900 కోట్లు. ప్రైవేటు రంగం పరిశోధన కోసమే 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల నిధికి ఆమోదం తెలిపింది. ఇందులోంచి బండ్ల కంపెనీ ఎవరైనా డబ్బు తీసుకుంటే రెండు షరతులు రాయించుకోవాలి. ఒకటి, దేశంలో అతి వేడి జిల్లాల్లో ఎండాకాలం పరీక్ష చేసి ఫలితం బయటపెట్టాలి. రెండోది, ప్యాక్ బయటి భాగాల రిపేరు సమాచారం, టూల్స్ న్యాయమైన ధరకు అందరికీ అమ్మాలి.

రాష్ట్ర రవాణా, పరిశ్రమల శాఖల అధికారులు ఈ ఉత్తరం చదివితే ఒక మనవి. వచ్చే ఎండాకాలం లోపే కంపెనీల ఇంజినీర్లను, ఎన్ఐటీ అధ్యాపకులను, ఆటో యూనియన్లను, మెకానిక్‌లను వరంగల్‌లో ఒక దగ్గర కూర్చోబెట్టండి. కాలిపోయిన కనెక్టర్లు, కన్వర్టర్లు నేను దాచిపెట్టాను, ఎవరు అడిగినా ఇస్తాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్, హనుమకొండ